వ్యాసంలో ‘మనం’ ఎవరు?

(బడి మెట్ల చరిత్ర – 11)



పరీక్షలో వ్యాసానికి ఎట్లా తయారవ్వాలని అడుగుతున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ విడివిడిగా జవాబు ఇవ్వడం కంటే, ఈ వారం భాగం దాని మీదే రాస్తే మంచిదనిపించింది. మీలో పీహెచ్‌డీ ప్రవేశ పరీక్షకి చదివేవాళ్లున్నారు, గ్రూప్-1 మెయిన్స్ రాసేవాళ్లున్నారు, పిల్లలకి పాఠం చెప్పుకుంటూ మళ్లీ తామే పరీక్షలు రాస్తున్నవాళ్లూ ఉన్నారు. ఎన్ని పేజీలు రాయాలి, కొటేషన్లు ఎన్ని పెట్టాలి, ముగింపు ఎట్లా ఉండాలి లాంటివి చివర్లో మాట్లాడుకుందాం. ముందు ఆ ప్రశ్న ఎక్కణ్ణించి వచ్చిందో చూద్దాం. ఒక్క ప్రశ్నే కదా అని తీసిపారేయకండి. ఒకప్పుడు ఈ ఒక్క ప్రశ్న మీద మద్రాసులో ఉత్తర్వు ఇచ్చారు, రెండేళ్లు తిరక్కుండానే వెనక్కి తీసుకున్నారు.

ఏ తరం గైడు తీసినా అందులో దాదాపు తప్పకుండా ఉండే వ్యాసం ఒకటుంది. దాని పేరు మారుతూ వచ్చింది. ఒకప్పుడు ‘హరిజనోద్ధరణ’, తర్వాత ‘అస్పృశ్యతా నివారణ’, ఇప్పుడు ‘బలహీన వర్గాల సంక్షేమం’. పేరు మారినా వాక్యాల తీరు మారలేదు. అంటరానితనం మన సమాజానికి మచ్చ అంటుంది. వారు కూడా మన సోదరులే అంటుంది. మనం వారిని ఆదరించాలి, పైకి తీసుకురావాలి అంటుంది. ఈ వ్యాసాన్ని హాస్టల్ వరండాలో కూర్చుని బట్టీ పట్టే పిల్ల ఎవరు? మాలపల్లె నుంచో మాదిగవాడ నుంచో వచ్చిన పిల్ల. పరీక్షలో తన చేత్తో తనే ‘మనం వారిని ఆదరించాలి’ అని రాస్తుంది. ఆ వాక్యంలో ‘వారు’ అంటే తనే. తన అమ్మానాన్నలే. ‘మనం’ అంటే ఎవరో మాత్రం ఎవరూ ఆ పిల్లకి చెప్పరు. మార్కులు పడతాయి, ఆ సంగతి అంతటితో అయిపోతుంది.

ఈ భాగం మొత్తం ఆ ‘మనం’ గురించే.

మన భాషలో ఒక సౌకర్యం ఉంది. ఇంగ్లీషుకి ‘వీ’ ఒక్కటే, హిందీకి ‘హమ్’ ఒక్కటే. తెలుగుకి రెండు: మనం, మేము. ‘మనం అన్నం తిందాం’ అంటే వినేవాడికీ కంచం ఉంది. ‘మేము అన్నం తింటాం’ అంటే వినేవాడు బయట ఉన్నాడు. మూడేళ్ల పిల్ల కూడా ఈ తేడా తప్పు లేకుండా పలుకుతుంది. కానీ మనకి నేర్పిన పరీక్ష వ్యాసంలో ‘మేము’ అనే మాటే కనపడదు. అంతా మనమే. మన సంస్కృతి, మన పండుగలు, మన దేశం, మన కర్తవ్యం.

వ్యాసం పుట్టుకతోనే ఇట్లా లేదు. పూణేలో ఫూలే దంపతుల బడిలో చదివిన ముక్తాబాయి అనే మాంగ్ కులపు పిల్ల 1855లో ఒక వ్యాసం రాసింది. మాంగ్ అంటే మన మాదిగల లాంటి కులం. అప్పటికి ఆ పిల్లకి సుమారు పద్నాలుగేళ్లు, బడిలో చదివింది మూడేళ్లు. మాంగులు, మహర్లు పడే బాధల మీద రాసిన ఆ వ్యాసాన్ని ‘జ్ఞానోదయ’ పత్రిక రెండు సంచికల్లో వేసింది. అందులో ఆమె తీసిన వాదన చూడండి. వేదాలు బ్రాహ్మణులవే అయితే మాకు గ్రంథం లేదు, గ్రంథం లేకపోతే మాకు మతం లేదు, మరి మేము ఏ మతం వాళ్లమో దేవుడే చెప్పాలి అని నిలదీస్తుంది. పీష్వాల కాలంలో తన కులంవాళ్లకి జరిగిన ఘోరాలు ఒక్కొక్కటీ చెప్పుకొస్తుంది. తర్వాత ఇంటి లోపలికి వస్తుంది. మా ఆడవాళ్లు కాన్పు అయ్యే వేళకి వాళ్ల నెత్తి మీద కప్పు కూడా ఉండదు, వానకీ చలికీ తడిసిపోతారు, మీ ఇంటి అనుభవంతో పోల్చుకుని చూడండి అంటుంది.

ఆ వ్యాసంలో మేము ఎవరో, మీరు ఎవరో స్పష్టంగా ఉంది. వాదన ఉంది, రాసినామెకి తప్ప ఇంకొకరికి తెలియని సంగతి ఉంది. నేను క్లాసులో వ్యాసం అంటే ఏంటని చెప్పాల్సి వస్తే నిర్వచనం బోర్డు మీద రాయను. ముక్తాబాయి ఏం చేసిందో చెప్తాను.

తెలుగు సంగతికి వద్దాం. మన భాషలో తొలి వ్యాసాలనదగినవి ‘హితసూచని’లో ఉన్నాయి. రాసినాయన రాజమండ్రి ప్రాంతంలో మునసబుగా పనిచేసిన సామినేని ముద్దునరసింహం నాయుడు. పుస్తకం ఆయన పోయాక 1862లో అచ్చయింది. అప్పటికి ‘వ్యాసం’ అనే మాట ఈ అర్థంలో స్థిరపడలేదు. ఆయన వాటిని ‘ప్రమేయాలు’ అన్నాడు. చదువు, పెళ్లి, మంత్రాలు లాంటి విషయాల మీద, జనం మాట్లాడుకునే భాషకి దగ్గరగా రాశాడు. ఇది గుర్తుపెట్టుకోండి. తెలుగులో వ్యాసం మొదలైందే వాడుక భాషలో, మొదలుపెట్టింది బ్రాహ్మణేతరుడు. దాన్ని పరీక్ష గదిలోకి తెచ్చాకే వ్యాకరణం గదిలో పెట్టి తాళం వేశారు.

ఎట్లా వేశారో చెప్తాను.

మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో వచ్చింది. కాలేజీలో చేరాలంటే మెట్రిక్యులేషన్ పాసవ్వాలి. ప్రవేశ పరీక్ష అంటే ఆ రోజుల్లో అదే. ఆ తర్వాత దాని చోటులో స్కూల్ ఫైనల్ వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదటి పదేళ్లు దాటేసరికి దేశభాషలో వ్యాసరచన పరీక్షలో ముఖ్యమైన భాగమైంది. అప్పుడు ఒక చిక్కు లేచింది. తెలుగు వ్యాసం రాయాలి, సరే. ఏ తెలుగులో?

బడిలో చెప్పే తెలుగు చిన్నయసూరి తెలుగు. ఆయన ‘బాలవ్యాకరణం’ 1858 నాటిది. (ఆ చిన్నయసూరి కూడా బ్రాహ్మణుడు కాదు, సాతాని కులస్థుడు. గేటు కట్టినవాడి కులమూ, గేటుకి కాపలా కాసినవాళ్ల కులమూ ఒకటే కానక్కర్లేదు.) ఆ లెక్కన ‘నేను చెప్పాను’ తప్పు. ‘నేఁ జెప్పితిని’ రాయాలి. ‘నేను’ చివరున్న నకారాన్ని ద్రుతం అంటారు, దాని తర్వాత వచ్చే ‘చ’ ‘జ’గా మారాలి, మధ్యలో అరసున్న పడాలి. ‘వస్తున్నాడు’ తప్పు, ‘వచ్చుచున్నాడు’ రాయాలి. బండి ‘ర’ ఎక్కడ వస్తుందో, మామూలు ‘ర’ ఎక్కడ వస్తుందో కంఠతా రావాలి. ఈ రూపాల్లో ఇంట్లో మాట్లాడేవాళ్లు ఏ కులంలోనూ లేరు, అది నిజం. కానీ ఆ రూపాల్లో ఉన్న పుస్తకాలు ఎవరి ఇళ్లలో ఉన్నాయి? వాటిని పిల్లలకి విప్పి చెప్పే తాతలూ మేనమామలూ ఎవరికి ఉన్నారు?

జె.ఎ. యేట్స్ అనే దొర స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా ఉత్తరాంధ్రకి వచ్చి, బడిలో చెప్పే తెలుగుకీ బజార్లో వినపడే తెలుగుకీ ఇంత దూరం ఎందుకుందని అడిగాడు. ఆ ప్రశ్న విశాఖలో కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారి ద్వారా గురజాడ అప్పారావుకీ గిడుగు రామమూర్తికీ చేరింది. అక్కణ్ణించి వాడుక భాషా ఉద్యమం రాజుకుంది. 1912-13లో స్కూల్ ఫైనల్ బోర్డు కార్యదర్శి ఒక ఉత్తర్వు ఇచ్చాడు. తెలుగు వ్యాస పరీక్షని కావ్యభాషలో అయినా రాయొచ్చు, ఆధునిక భాషలో అయినా రాయొచ్చు అని. అంతే. గ్రాంథికాన్ని ఎవరూ నిషేధించలేదు, పక్కన ఇంకో తలుపు తీశారంతే.

ఆ రెండో తలుపుకే పండిత లోకం అల్లాడిపోయింది. 1911లో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, దాని ముందు నిలిచిన జయంతి రామయ్య పంతులు, వాళ్లతో పాటు జమీందార్లు. భాష చెడిపోతుందన్నారు. ‘గ్రామ్యం’ రాజ్యమేలుతుందన్నారు. ఆ మాటని కాసేపు పట్టుకుని చూడండి. అలంకారశాస్త్రంలో గ్రామ్యం ఒక దోషం. ఊళ్లో మాటే తప్పయితే, ఊరి బయట ఉన్న వాడలో మాట ఏమవుతుంది? దానికి శాస్త్రంలో పేరు కూడా లేదు.

1914లో ప్రభుత్వం ఆ ఉత్తర్వుని రద్దు చేసింది. 1915లో విశ్వవిద్యాలయం కూడా గ్రాంథికమే అని తేల్చింది. విశ్వవిద్యాలయం వేసిన సంఘంలో ఉన్న గురజాడ 1914లోనే పెద్ద అసమ్మతి పత్రం రాసి ఇచ్చాడు. 1915 నవంబరులో చనిపోయాడు. తన పంతం నెగ్గడం ఆయన చూడలేదు. బడి పుస్తకాలు పూర్తిగా వాడుక భాషలోకి రావడానికి ఆ తర్వాత ఇంకో యాభై ఏళ్లు పైనే పట్టింది.

ఇక్కడ నాకు ఎప్పుడూ నవ్వొచ్చే విషయం ఒకటుంది. గిడుగు 1913లో రాసిన విజ్ఞాపన ఇంగ్లీషులో ఉంది. జయంతి రామయ్య దానికి పోటీగా రాసింది ఇంగ్లీషులో ఉంది. గురజాడ అసమ్మతి పత్రం ఇంగ్లీషులో ఉంది. తెలుగు పిల్లలు ఏ తెలుగులో వ్యాసం రాయాలో తేల్చిన కొట్లాట దొర ముందు, దొర భాషలో జరిగింది. పాఠాలు చెప్పేటప్పుడు ఈ భాగాన్ని ‘గ్రాంథిక వ్యావహారిక వాదాలు’ అని రెండు పేజీల్లో ముగిస్తారు. అది సాహిత్య చర్చ అనుకుంటాం. అది పరీక్ష పేపరు మీద జరిగిన కొట్లాట. ఆ పరీక్ష పాసైతే కాలేజీ, కాలేజీ దాటితే సర్కారు కొలువు.

ఆ గొడవలో మనవాళ్లు ఎక్కడున్నారు? ఏ పక్షంలోనూ లేరు. ఇరుపక్షాల పేర్లూ చూడండి, గుర్తుండే పేర్లన్నీ ఒకే కులం నుంచి వస్తాయి. వాళ్లు అరసున్న గురించి పోట్లాడుకుంటున్న సమయానికి మన పిల్లలకి బడి గడపే అందలేదు. మద్రాసు ప్రభుత్వం 1893లో పంచముల చదువు కోసం ప్రత్యేకంగా ఉత్తర్వు ఇచ్చింది. చరిత్రకారులు దాన్ని పంచమ విద్యకి మాగ్నా కార్టా అని పొగిడారు. అది ఎంతవరకు అమలైందో తెలియాలంటే 1919 చూడండి. పంచమ పిల్లల్ని చేర్చుకోవాలని, వాళ్లు అడుగు పెట్టలేని చోట్ల బడులు పెట్టొద్దని మళ్లీ ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. బడి అగ్రహారంలోనో గుళ్లోనో ఉంటే మన పిల్ల లోపలికి ఎట్లా పోతుంది? తీరాంధ్రలో మనవాళ్లకి మొదటి అక్షరాలు ఎక్కువగా మిషన్ బడుల్లో వచ్చాయి. గుంటూరు వైపు లూథరన్లు, ఒంగోలు వైపు బాప్టిస్టులు. నిజాం రాజ్యంలో భాగ్యరెడ్డి వర్మ ఆది హిందువుల కోసం బడులు తెరిచాడు. అక్కడ ఇంకో గోడ ఉంది. సర్కారీ చదువంతా ఉర్దూలో. 1918లో వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూలోనే చెప్పింది.

ఇంకో ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. వేదం వేంకటరాయ శాస్త్రి 1897 నాటి ‘ప్రతాపరుద్రీయం’ నాటకంలో పాత్రోచిత భాష వాడాడని మెచ్చుకుంటూ చదువుతాం. అంటే ఏంటి? పెద్ద పాత్రలు గ్రాంథికం మాట్లాడతాయి, చాకలి పేరిగాడు వాడుక మాట మాట్లాడతాడు. ప్రేక్షకులు పేరిగాణ్ణి చూసి నవ్వుతారు, ఇష్టపడతారు కూడా. వాడుక భాషకి అక్కడ చోటుంది. నౌకరు నోట్లో, నవ్వు కోసం. ఆ నౌకరు కొడుకు పరీక్ష గదిలో కూర్చుని వ్యాసం రాస్తే మాత్రం రాజు పాత్ర మాటలు రాయాలి. వ్యాసంలో ఆ ‘మనం’ అప్పటి నుంచే రాజు పాత్ర.

గిడుగుని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. సవర పిల్లలకి సవర భాషలో చదువు చెప్పాలని తను ఆ భాష నేర్చుకుని, బడులు పెట్టి, నిఘంటువు రాసిన మనిషి ఆయన. ఆ కాలంలో అట్లాంటివాళ్లు ఎంతమంది? కానీ ఆయన ఉద్యమం చివరికి నిలబెట్టిన ప్రమాణం పేరు శిష్ట వ్యావహారికం. శిష్టులంటే చదువుకున్నవాళ్లు. చదువుకున్నవాళ్లంటే ఆ రోజుల్లో ఎవరో చెప్పక్కర్లేదు. తలుపు తెరుచుకుంది, గడప ఎత్తు మాత్రం అంతే ఉంది. అందుకే 1956 తర్వాత తెలంగాణ పిల్లలు ‘పోయిండు’, ‘జేసిన్రు’ అని రాస్తే ఎర్ర సున్నా చుట్టారు. రాయలసీమ పిల్ల ‘వస్తాండాం’ అని రాసినా అంతే. అరసున్న పోయి ఆ చోటులో ఎర్ర సున్నా వచ్చింది. వేముల ఎల్లయ్య 2000లో నల్లగొండ మాదిగ మాటలో ‘కక్క’ నవల రాస్తే చదవడం కష్టంగా ఉందన్నారు చాలామంది తెలుగు చదువుకున్నవాళ్లు. నన్నయని పదవ తరగతిలో అర్థాలు చూసుకుంటూ ఓపిగ్గా చదివినవాళ్లే.

మరి మనవాళ్లు ఊరుకున్నారా? 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన సభ జరిగింది. పంచముల సభగా మొదలై ఆది ఆంధ్ర మహాసభగా ముగిసింది. పండితులు భాషకి పేరు పెట్టుకుంటుంటే మనవాళ్లు తమకి తాము పేరు పెట్టుకున్నారు. ఆ తర్వాత నాలుగేళ్లకి రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న వచ్చాడు. గరిమెళ్ల సత్యనారాయణ తెల్లదొరతనం మాకొద్దని పాట కడితే, ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనం’ అని కట్టాడు. ఇక్కడ వ్యాకరణం చూడండి. గరిమెళ్ల ‘మా’లో తెల్లవాడు బయట ఉన్నాడు, దేశమంతా లోపల ఉంది. ధర్మన్న అదే ‘మా’ తీసుకుని గీతని ఇంకో చోట గీశాడు. అదే మాట, అదే బాణీ, లోపలున్నవాళ్లు వేరు. ముక్తాబాయి మరాఠీలో చేసిన పనిని అరవై ఏళ్ల తర్వాత ధర్మన్న తెలుగులో చేశాడు. ‘మనం’ అని పిలిచినప్పుడల్లా తలూపకుండా ‘మేము’ అన్నాడు.

జాషువా దారి వేరు. ఆయన వాళ్ల గేటు తాళం చెవులన్నీ సంపాదించాడు. ఉభయభాషాప్రవీణ పాసయ్యాడు, ఛందస్సు చేతిలో పెట్టుకున్నాడు, 1941లో ‘గబ్బిలం’ ఇచ్చాడు. అంబేద్కర్ సంస్కృతం చదవాలనుకుంటే బడిలో చెప్పేవాడు ఒప్పుకోలేదు, పర్షియన్ తీసుకుని 1907లో మెట్రిక్ పాసయ్యాడు. తొమ్మిదేళ్ల తర్వాత, 1916 మే 9న, కొలంబియా విశ్వవిద్యాలయం సెమినార్లో కులం పుట్టుక మీద వ్యాసం చదివాడు. ఆయనకి అప్పుడు ఇరవై అయిదేళ్లు. అది ఒక స్టూడెంట్ రాసిన పేపరు. మీ వయసు స్టూడెంట్.

ఇప్పటి సంగతి. చాలా ప్రవేశ పరీక్షల్లో వ్యాసం పోయింది, నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించే పద్ధతి వచ్చింది. జేఎన్‌యూ 2019లో కంప్యూటర్ పరీక్షకి మారింది. 2022 నుంచి కేంద్ర విశ్వవిద్యాలయాల్లో సీయూఈటీ. మన ఉద్యమ మిత్రుల్లో కొందరు దీన్ని స్వాగతించారు. దిద్దేవాడి కులం పని చేయదు, యంత్రానికి పక్షపాతం లేదు అన్నారు. నేను ఒప్పుకోను. జేఎన్‌యూలో రాత పరీక్ష, వైవా రెండూ ఉన్న రోజుల్లో మన పిల్లలు రాతలో తెచ్చుకున్న మార్కులకీ వైవాలో వాళ్లకి వేసిన మార్కులకీ పొంతన లేదని విద్యార్థులు ఏళ్ల తరబడి అరిచారు. కొన్నేళ్ల లెక్కలు పరిశీలించిన అబ్దుల్ నఫే కమిటీ కూడా ఆ తేడా ఉందనే 2016లో తేల్చింది. ఆ ఏడాదే యూజీసీ వచ్చి రాతని అర్హతకి మాత్రమే ఉంచి, ఎంపిక మొత్తం వైవా చేతిలో పెట్టమంది. మొహం కనపడే చోట మార్కు తగ్గింది, మొహం కనపడని కాగితం మీద నిలబడింది. కాబట్టి కాగితం మనకి శత్రువు కాదు. పేరు కనపడకుండా దిద్దించే వ్యాసాన్ని మనం పోగొట్టుకోకూడదు. నాలుగు జవాబుల పరీక్షకి కావాల్సింది కోచింగ్, కోచింగ్‌కి కావాల్సింది డబ్బు. వ్యాసానికి కావాల్సింది హాస్టల్ పక్కనున్న లైబ్రరీ, చెప్పడానికి ఒక సంగతి.

ఇక మీరు అడిగిన ప్రిపరేషన్.

గైడులో మొదటి పేరా కంఠతా పట్టకండి. దిద్దేవాళ్లు ఆ పేరాని ఒక్క రోజులో అరవై సార్లు చదువుతారు. నేనూ చదివాను కాబట్టి చెప్తున్నా, మూడో కట్ట దాటాక కళ్లు దాని మీదుగా జారిపోతాయి. వ్యాసం మొదలుపెట్టే ముందు రఫ్ పేజీలో ఒక్క మాట రాసుకోండి. ఇందులో నా ‘మనం’ ఎవరు? రాజ్యాంగం గురించి రాస్తుంటే మనం అందరం, సరే. అంటరానితనం గురించి అయితే ‘మేము’ అని రాయొచ్చు. అట్లా రాయడం ఇష్టం లేకపోతే, లేదా దిద్దేవాళ్లకి మీరెవరో తెలియడం వద్దనుకుంటే, కులం పేర్లు పెట్టి రాయండి. అది జాగ్రత్త, పిరికితనం కాదు. ‘మనం వారిని’ మాత్రం రాయకండి.

మచ్చ, కళంకం, రుగ్మత లాంటి మాటలు తీసేసి అక్కడ తేదీలు పెట్టండి. 1985 జులై 17 కారంచేడు. 1989లో ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. 1991 ఆగస్టు 6 చుండూరు. ఈ మూడూ వరసగా రాసి, రెండు ఊచకోతల మధ్య ఒక చట్టం వచ్చిందని ఒక్క వాక్యం రాస్తే చాలు. చట్టం వచ్చాక రెండేళ్లకే చుండూరు ఎందుకు జరిగిందనేది మీ వ్యాసం అవుతుంది. విశేషణాలతో పని ఉండదు.

‘మాతృభాషలో విద్య’ ఇప్పుడు ఎక్కువగా అడుగుతున్న అంశం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ఇంగ్లీషు మీడియం ఉత్తర్వు ఇవ్వడం, 2020 ఏప్రిల్లో హైకోర్టు కొట్టేయడం మీకు గుర్తుండే ఉంటుంది. గైడు వ్యాసం తల్లిపాలతో మొదలవుతుంది. మీరు 1914తో మొదలుపెట్టండి. ఏ తల్లి భాష? అరసున్నల తెలుగు ఎవరి తల్లి మాట్లాడింది? అప్పుడు మన పిల్లలకి రాని తెలుగుని ప్రమాణం చేసినవాళ్లే ఇప్పుడు తెలుగు పోతుందని ఏడుస్తుంటే ఏమనాలి? అనుకూలంగా రాస్తారో వ్యతిరేకంగా రాస్తారో మీ ఇష్టం. నాకు తెలిసి రెండింటికీ మంచి మార్కులు వచ్చాయి. ఎటూ తేల్చకుండా రాసినదానికే రాలేదు.

‘మన పండుగలు’ వస్తే ముగ్గులు, హరిదాసు, గంగిరెద్దు అందరూ రాస్తారు. మీ నాయన సంక్రాంతికి కళ్లం దగ్గర మేర కోసం ఎంతసేపు నిలబడ్డాడో మీకు తెలుసు. డప్పు కాచుకోవడం తెలుసు. లంద అంటే ఏంటో, ఆరె, రంపె ఎట్లా ఉంటాయో తెలుసు. ఆ మాటల్ని సిగ్గుపడకుండా వాడండి, పక్కన అర్థం ఒక ముక్కలో చెప్పండి. అంతా మన మాటలోనే రాయమని నేను చెప్పను. 1914 ఇంకా పూర్తిగా అయిపోలేదు. క్రియలు పుస్తకాల్లో ఉన్నట్టు రాయండి, వస్తువుల పేర్లు మీ ఇంట్లో ఉన్నట్టు రాయండి. ఇది రాజీయే. పరీక్ష రాస్తున్నాం, నవల కాదు.

టైము గురించి. గంట వ్యాసమైతే మొదటి పది నిమిషాలు పెన్ను పెట్టకండి, ఆలోచించి నాలుగైదు ముక్కలు రాసుకోండి. ఒక్కో ముక్కకి ఒక పేరా. ముగింపు కోసం కొటేషన్ వెతకొద్దు, చెప్పాల్సింది అయిపోయిన చోట ఆపేయండి. చివరి ఏడెనిమిది నిమిషాలు ఉంచుకుని మొదట్నుంచీ చదవండి. ఒత్తులు చూసుకోండి. ‘ధ’కి ‘ద’, ‘శ’కి ‘స’ పడ్డాయేమో చూడండి. ‘అస్పృశ్యత’ రాయడం ముందు రోజే నాలుగు సార్లు రాసి చూసుకోండి. కొట్టివేతలుంటే ఒక్క గీతతో కొట్టండి, నల్లగా పూయకండి. పేజీ నంబర్లు వేయండి.

వచ్చే వారం మిషన్ బడుల గురించి. ఒంగోలు వైపు వాళ్ల దగ్గర పాత బడి ఫొటోలుంటే కామెంట్లో పెట్టండి.